తప్పు కనబడే చోటు

(భాషా ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు, "తరగతిలో పనికొచ్చే ఆన్‌లైన్ టూల్స్ గురించి మాట్లాడండి మేడమ్, కనీసం ఓ ఇరవై పేర్లు చెప్పండి" అన్నారు. ఇరవై పేర్లు చెప్పడం తేలికే. మీరు శ్రద్ధగా రాసుకుంటారు, ఇంటికెళ్లి రెండు తెరిచి చూస్తారు, మూడోది పాస్‌వర్డ్ పెట్టుకోమనగానే మూసేస్తారు. నేనూ అదే చేశాను. ఇలాంటి సమావేశాల్లో రాసుకున్న పేర్లతో నా దగ్గర ఒక నోట్‌బుక్కే ఉంది. అందులో సగం ఇప్పుడు తెరుచుకోవు కూడా. అందుకని ఇవాళ జాబితా చదవను. నేను తెలుగు చెబుతాను. ఏవి వాడాను, ఏవి వదిలేశాను, ఎందుకు వదిలేశాను, అంతవరకే చెబుతాను. ఇంగ్లీషు, హిందీ చెప్పేవాళ్లు కూడా మీలో ఉన్నారు. నా ఉదాహరణలు తెలుగులో ఉంటాయి గానీ తలనొప్పి మాత్రం మనందరికీ ఒకటే.

క్విజ్‌తో మొదలుపెడతాను. ఎందుకంటే దాదాపు మనమందరం అక్కడే మొదలుపెట్టాం. నార్వేలో పుట్టిన కహూట్ అనే క్విజ్ టూల్ 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆ తర్వాత అలాంటివి చాలా వచ్చాయి. తెర మీద ప్రశ్న, పక్కన గడియారం, నాలుగు రంగుల్లో నాలుగు జవాబులు, వెనక హుషారైన మ్యూజిక్. నేను మొదటిసారి ప్రకృతి-వికృతుల మీద పెట్టాను. ముఖం - మొగం, ఆశ్చర్యం - అచ్చెరువు, రాత్రి - రాతిరి. క్లాసు దద్దరిల్లిపోయింది. పక్క క్లాసు టీచర్ వచ్చి ఏమైందని అడిగి వెళ్లారు. ఆ రోజు నేను చాలా గొప్ప టీచర్ననుకున్నాను.

(నవ్వులు)

వారం తిరిగాక అవే మాటలు నోటుబుక్కులో రాయమన్నాను. అచ్చెరువు దగ్గర సగం మంది ఆగిపోయారు. కొందరు "చెరువు" అని రాశారు. ఇదేంట్రా, మొన్న గబగబా నొక్కారు కదా అన్నాను. ఒక అబ్బాయి దాచకుండా చెప్పేశాడు: "మేడమ్, అక్కడ చదవక్కర్లేదు. మొదటి అక్షరం కలిసేది చూసి నొక్కేస్తాం." ఆశ్చర్యం 'ఆ', అచ్చెరువు 'అ'. వాడి లెక్క సరైనదే. నేను ఇచ్చిన మిగతా మూడు జవాబులూ వేరే అక్షరాలతో మొదలయ్యాయి మరి.

మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1974లో ఒక సంగతి రాసింది. తరగతి గదుల్లో టేపు రికార్డింగులు వింటే, టీచర్ ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకను. ఆ తర్వాత తనే చెప్పేయడమో, ఇంకొకరిని అడగడమో. అదే మూడు సెకన్లు, అంతకంటే కాస్త ఎక్కువ ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారు, జవాబే రాని సందర్భాలు తగ్గుతాయి. మూడు సెకన్లు! మనం గుటక మింగేంత సేపు. బీఈడీలో ఇది చదువుకుని పరీక్ష రాశాను కూడా. మళ్లీ నేనే డబ్బా కొట్టుకుంటూ తెర మీద గడియారం పెట్టి, ముందు నొక్కినవాడికి ఎక్కువ పాయింట్లు ఇస్తున్నాను. ఆలోచించేవాడికి జరిమానా వేస్తున్నానన్నమాట.

అప్పటినుంచి గడియారం తీసేశాను. చాలా క్విజ్ టూల్స్‌లో ఆ వీలు సెట్టింగ్స్‌లో ఎక్కడో ఉంటుంది, వెతుక్కోవాలి. ఇద్దరికి ఒక ఫోనే ఇస్తాను. ఇద్దరూ మాట్లాడుకుని ఒక జవాబుకు రావాలి. నాకు కావలసింది ఆ మాట్లాడుకోవడమే, నొక్కడం దానికి ఒక సాకు. ఇంకొకటి, తప్పు జవాబులు నేను కల్పించను. పిల్లల నోటుబుక్కుల్లోంచి ఏరుకుంటాను. 'మహేశ్వరుడు' విడదీయమంటే మా పిల్లల్లో ఎవరో ఒకరు 'మహే + ఈశ్వరుడు' అని రాస్తారు, ఇంకొకరు 'మహే + శ్వరుడు' అంటారు. ఆ రెండూ జవాబుల్లో ఉండాల్సిందే. అప్పుడు పన్నెండు మంది 'మహే + ఈశ్వరుడు' నొక్కితే తెర మీద ఒక పొడవాటి కడ్డీ కనిపిస్తుంది. అక్కడ ఆపేసి, "ఈ పన్నెండు మందీ 'మహే' అని ఎందుకనుకున్నారు?" అని అడుగుతాను. గుణసంధి పాఠం ఆ నిమిషంలో మొదలవుతుంది.

దీంట్లోంచే నాకొక కొలబద్ద దొరికింది. ఏ టూల్ చూసినా ఇప్పుడు ఒకటే చూసుకుంటాను: ఇది నాకు పిల్లవాడి తప్పు చూపిస్తోందా, దాచేస్తోందా? పదికి ఏడు అని వస్తుంది. ఏ మూడు పోయాయి? ఎందుకు పోయాయి? అది చెప్పని టూల్ ఎంత రంగులుగా ఉన్నా నాకు గుమాస్తా కిందే లెక్క. గుమాస్తా అవసరమే, కాదనను. కానీ టీచర్‌కి పని చెప్పేది తప్పు. డాక్టర్ దగ్గరికెళ్లి "ఒళ్లు పదికి ఏడు బాగుంది" అంటే ఆయనేం మందిస్తాడు?

ఈ కొలబద్ద పట్టుకుని చూస్తే చిత్రమైనవి కనిపిస్తాయి. ఫోన్ కీబోర్డే తీసుకోండి. పిల్లలు తెలుగు టైపు చేయడం చూశారా? ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు నొక్కుతారు, పైన 'విద్యార్థి' అని వచ్చేస్తుంది, దాన్ని ముట్టుకుంటారు. ర కింద ఉన్నది థ వత్తో, ధ వత్తో, అసలు ఆ రెండింటికీ తేడా ఉందో లేదో వాడికి తెలియాల్సిన పనే లేదు. కీబోర్డుకి తెలుసు. అదే పిల్లవాడి చేతికి పెన్ను ఇస్తే 'విద్యార్ది' అని రాస్తాడు. టైపు చేసిన వ్యాసం చూసి వీడికి అక్షరదోషాలు లేవనుకున్నాను నేను, ఒక టర్మ్ మొత్తం. తప్పంతా ఆ పైన వచ్చే మూడు మాటల కింద దాక్కుంది. ఇప్పుడు రాత పని టైపు చేయిస్తే సూచనలు ఆపేయమంటాను. ముందు గొణుక్కుంటారు, తర్వాత అలవాటు పడతారు.

నోటితో చెబితే రాసిపెట్టే సదుపాయం ఉంది కదా, డిక్టేషన్. దాంతో ఉచ్చారణ నేర్పొచ్చని ఎవరో చెబితే ఎగిరి గంతేశాను. మా పిల్లలకు ల, ళ ఒకటే. కల అన్నా కళ అన్నా నోట్లోంచి ఒకటే వస్తుంది. సరే, ఫోన్‌కి చెప్పండి, ఏం రాస్తుందో చూద్దాం అన్నాను. "ఆమెకు సంగీత కల అంటే ఇష్టం" అని ఒకమ్మాయి చెప్పింది. నా చెవులకు స్పష్టంగా 'ల' వినబడింది. తెర మీద 'సంగీత కళ' అని వచ్చింది. ఆ అమ్మాయి నా వైపు గర్వంగా చూసింది. యంత్రం ధ్వని ఒక్కటే వినదు, ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో కూడా లెక్క కడుతుంది. సంగీతం పక్కన కళే వస్తుందని దానికి తెలుసు. అందుకే మనిషి తప్పు పలికినా దిద్ది రాసేస్తుంది. మర్యాదస్తుడైన చుట్టం లాంటిది, మన తప్పు మనకు చెప్పదు. ఒంటిగా ఒక్క మాటే చెప్పించినా అది ఊహించి రాసేదే. దాన్ని నమ్మి మార్కు వేయలేం.

అంతకంటే మామూలు వస్తువు, వాయిస్ రికార్డర్, నాకు ఎక్కువ పనికొచ్చింది. ఫోన్‌లో ముందునుంచీ ఉంటుంది, నెట్ అక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. పేరా చదివి రికార్డు చేసి పంపమంటాను. ఇక్కడ మీరు వెంటనే అడుగుతారు: నలభై మంది, తలా రెండు నిమిషాలు, ఎనభై నిమిషాలు ఎవరు వింటారమ్మా అని. నేనూ మొదటి వారం అందరివీ వినబోయి, చెవిలో పోగులు పెట్టుకునే నిద్రపోయాను. తర్వాత పద్ధతి మార్చాను. రోజుకు ఎనిమిది మందివే వింటాను. వినేది కూడా ఒక్కదాని కోసమే. ఈ వారం 'ళ' అంటే 'ళ'. మిగతా ఏ తప్పు దొర్లినా పట్టించుకోను. పిల్లలకు కూడా ముందే చెబుతాను, ఈ వారం నా చెవి 'ళ' మీదే ఉంటుందని. అప్పుడు వాళ్లు పంపే ముందు తమది తాము వింటారు. ఒకమ్మాయి ఒకే పేరాని పదకొండు సార్లు రికార్డు చేసిందట, పన్నెండోది పంపింది. నేను కూర్చోబెట్టి పన్నెండు సార్లు చదివించగలిగేదాన్నా?

రికార్డింగుల్లో ఇంకో సుఖం ఉంది. ఏడాది మొదట్లోది, చివర్లోది పక్కపక్కన వినిపించొచ్చు. ఎవరికైనా తన గొంతు తనకు నచ్చదు, అది వేరే సంగతి.

తెలుగు చెప్పేవాళ్లకు మాత్రమే వచ్చే ఒక చిక్కు ఇప్పుడు చెబుతాను. మిగతావాళ్లు కాసేపు ఓపిక పట్టండి. అక్షరాలు కలగాపులగం చేసి ఇచ్చే ఆటలు ఉంటాయి, మాటను సరిచేయాలి. పదకేళి తయారుచేసే సైట్లు ఉంటాయి. చాలావరకు ఇంగ్లీషు కోసం చేసినవి. నేను ఒకదాంట్లో 'స్త్రీ' అని ఇచ్చాను. మనకు అది ఒకే అక్షరం. కంప్యూటర్‌కి యూనికోడ్‌లో ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుడి. ఆ ఆరింటినీ ఆ సైట్ చక్కగా కలిపేసి, గుడి ఒక చోట, పొల్లు ఒక చోట వేలాడదీసి, చుక్కల వలయాలతో నా ముందు పెట్టింది. పిల్లలు దాన్ని చూసి వైరస్ అనుకున్నారు.

(నవ్వులు)

ఇలాంటి టూల్ చేతికొస్తే ముందుగా 'స్త్రీ' అనో 'రాష్ట్రం' అనో టైపు చేసి చూడండి. అది తట్టుకుంటే మిగతావన్నీ తట్టుకుంటుంది.

తనే దిద్దే టూల్స్‌ది ఇంకో బాధ. ఖాళీలు పూరించమని ఇచ్చాను. జవాబు 'వెళ్లాడు' అని పెట్టాను. సగం మంది 'వెళ్ళాడు' అని రాశారు, ళకు ళ వత్తుతో. రెండూ వాడుకలో ఉన్నవే. యంత్రం సగం మందికి ఎర్ర గుర్తు పెట్టింది. అలాగే 'చేశాడు', 'చేసాడు'. ఇంకా ఘోరమైంది కంటికి కనబడని గుర్తు. 'ఫోన్‌లో' అని రాసేటప్పుడు న్ విడిగా నిలబడాలంటే కీబోర్డు మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడుతుంది. మీ జవాబులో అది ఉండి, పిల్లవాడి జవాబులో లేకపోతే తప్పు. ఒక్కోసారి మాట చివర అనుకోకుండా పడిన ఖాళీ చాలు. ఒక పిల్లవాడు ఏడుపు మొహంతో వచ్చి, "మేడమ్, రెండూ ఒకేలా ఉన్నాయి, నాది ఎందుకు తప్పు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. చాలా టూల్స్‌లో ఒక ప్రశ్నకు రెండు మూడు సరైన జవాబులు ఇచ్చే వీలుంటుంది. అది లేని చోట నేను పిల్లల చేత టైపు చేయించను, ఎంచుకోమంటాను. లేదా నేనే దిద్దుతాను. ఇక్కడ తప్పు పిల్లవాడిది కాదు, అయినా వాడి ఖాతాలో పడుతోంది. తప్పును దాచే టూల్ కంటే లేని తప్పును అంటగట్టే టూల్ ఇంకా ప్రమాదం.

ఇప్పటిదాకా తిట్టడమే సరిపోయింది. నాకు చాలా ఇష్టమైనదాని దగ్గరకొస్తాను.

యాంత్రిక అనువాదం. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు 2011లో చేరింది. అప్పట్లో దాని తెలుగు చూసి నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు అంత నవ్వు రాదు, చాలా మెరుగైంది. పిల్లలు హోంవర్క్ దాంతో చేసుకొస్తారని భాషా టీచర్లందరికీ కోపం. నేను దాన్ని తరగతిలోకే తెచ్చేశాను. ఇంగ్లీషులో "We are going" అన్న చిన్న వాక్యం ఇస్తాను. ఇంగ్లీషు మేడమ్, క్షమించాలి, మీ భాషలో అందరికీ 'We' అన్న ఒక్క మాటే. తెలుగులో మనమా, మేమా? ఎదుటివాడు కలిశాడా లేదా? యంత్రం ఏదో ఒకటి ఎంచుకుని రాస్తుంది, చాలాసార్లు 'మేము'. "మరి నువ్వు నన్ను కూడా తీసుకెళ్తున్నావా లేదా?" అని అడుగుతాను. అప్పుడు పిల్లలకు తట్టుతుంది, తాము పుట్టినప్పటినుంచీ ఒక్కసారి కూడా తప్పు చేయకుండా వాడుతున్న తేడా ఒకటుందని. ఎవరూ నేర్పలేదు వాళ్లకి. దానికి పేరుందని, చాలా భాషల్లో ఆ తేడా లేదని తెలిసి ఆశ్చర్యపోతారు.

తర్వాత "He came" ఇస్తాను. వాడు వచ్చాడు, అతను వచ్చాడు, ఆయన వచ్చారు, వారు వచ్చారు. యంత్రం 'అతను' అంటుంది. అది తాతయ్య గురించైతే? దొంగ గురించైతే? చెల్లెలి కొడుకు గురించైతే? పిల్లలు కొట్టుకున్నంత పని చేస్తారు. 'ఆయన వచ్చాడు' అనొచ్చా లేదా అన్నదాని మీద మా క్లాసులో ఒక పీరియడ్ గడిచిపోయింది. కొందరి ఇళ్లలో అంటారు, కొందరి ఇళ్లలో అంటే ఊరుకోరు. నేను తీర్పు చెప్పలేదు. యంత్రం ఒక్క మాట ఎంచుకున్నందుకు మాకు నాలుగు మాటల మధ్య ఉన్న దూరం కనబడింది.

జాతీయాలైతే పండగే. "కాళ్లకు బుద్ధి చెప్పాడు" అని ఇచ్చి ఇంగ్లీషు చేయించడం, ఆ ఇంగ్లీషును మళ్లీ తెలుగు చేయించడం. ఒకసారి కాళ్లకు పాఠం నేర్పాడు అని వచ్చింది, ఒకసారి సరిగ్గానే పారిపోయాడు అని వచ్చింది. సరిగ్గా వచ్చినప్పుడు కూడా పని ఉంటుంది: "అర్థం వచ్చింది కదా, మరి ఏం పోయింది?" ఒకడన్నాడు, "కాళ్లు పోయాయి మేడమ్" అని. అంతకంటే బాగా నేను చెప్పలేను.

నిఘంటువుల సంగతి కొంచెం. ఆంధ్రభారతి సైట్ మీలో తెలుగువాళ్లు చాలామంది చూసే ఉంటారు. ఒక మాట కొడితే 1852 నాటి బ్రౌన్ నిఘంటువు నుంచి, 1885 నాటి శబ్దరత్నాకరం నుంచి, ఇంకా చాలా వాటినుంచి అర్థాలన్నీ ఒకే చోట వస్తాయి. అర్థం తెలుసుకుని మూసేయడానికైతే ఇంత అక్కర్లేదు. 'కంపు' అని కొట్టించండి. పాత తెలుగులో అది మంచి వాసన కూడా. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. 'ఉద్యోగం' కొట్టించండి, ప్రయత్నం అని కనబడుతుంది. "అయితే నిరుద్యోగి అంటే ప్రయత్నం చేయనివాడా మేడమ్?" అని ఒకడు అడిగాడు. మీ నాన్నతో మాత్రం అనకు అని చెప్పాను.

(నవ్వులు)

వెతకడంలో కూడా పాఠముంది. ఒక కథ పాఠ్యం కంప్యూటర్‌లో తెరిచి 'చెట్టు' కోసం వెతకమంటాను. చెట్టుకు, చెట్టుమీద దొరుకుతాయి. 'చెట్ల కింద' దొరకదు. ఎందుకు దొరకలేదు? యంత్రానికి అది వేరే మాట. మనకెందుకు ఒకటే మాటగా అనిపిస్తుంది? బహువచనంలో ట్టు ఏమైంది? గట్టు, మెట్టు, పట్టు కూడా అలాగే మారతాయా, ఏది మారదు? విభక్తుల పట్టిక బోర్డు మీద రాసినప్పుడు ఆవలింతలు తీసిన పిల్లలే ఇది వెతుకుతారు.

గుర్తుపెట్టుకోవడం గురించి ఒక్క మాట. ఫ్లాష్‌కార్డుల యాప్స్ ఉన్నాయి. యాంకీ 2006 నుంచి ఉంది, కంప్యూటర్‌లో ఉచితం. మరిచిపోబోయే సమయానికి మాటను మళ్లీ ముందుకు తెచ్చి అడుగుతుంది. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ తన మీద తనే ప్రయోగాలు చేసుకుని, అర్థం లేని అక్షరాల గుంపులు బట్టీపట్టి, ఎంత త్వరగా మరిచిపోతున్నాడో లెక్క గట్టి, 1885లో పుస్తకంగా వేశాడు. ఈ యాప్స్ అన్నిటికీ మూలం అక్కడుంది. ఇంకో ప్రయోగం రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలది, 2006లో అచ్చయింది. ఒక పాఠం నాలుగు విడతలు చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత 83 శాతం గుర్తు తెచ్చుకోగలిగారు. ఒక్క విడత చదివి మూడు విడతలు పాఠం పక్కన పెట్టి గుర్తు తెచ్చుకున్నవాళ్లు 71 శాతం. వారం తర్వాత అడిగితే తలకిందులైంది: చదివినవాళ్లు 40, గుర్తు తెచ్చుకున్నవాళ్లు 61. పరీక్ష ముందు రాత్రి చదివినవాడికి అంతా వచ్చినట్టే ఎందుకుంటుందో ఇందులో ఉంది. నేను కార్డులు తయారుచేసి ఇవ్వను. పిల్లలే తయారుచేసుకోవాలి, మాట ఒక్కటే కాకుండా అది వచ్చే వాక్యంలో ఖాళీతో. ఫోన్ లేనివాళ్లు కాగితం ముక్కలతో చేస్తారు, ఏ తేడా లేదు.

అందరూ కలిసి రాసే డాక్యుమెంట్ వాడండి. మొదటి రోజు ఎవడో అంతా సెలెక్ట్ చేసి చెరిపేస్తాడు, భయపడకండి, పాత ప్రతులు లోపల ఉంటాయి. ఆ పాత ప్రతులే అసలు నిధి. పిల్లవాడు మొదట ఏం రాశాడు, ఏం కొట్టేశాడు, ఎక్కడ అరగంట ఆగాడు, అన్నీ కనబడతాయి. నేను చేసిన పొరపాటు, మొదట్లో వాళ్ల వాక్యాల్ని నేనే సరిదిద్దేదాన్ని. వాళ్లు 'సరే' నొక్కేవాళ్లు. ఒక్క నొక్కుతో ఇరవై తప్పులు మాయం, తెల్లారి మళ్లీ అవే. ఇప్పుడు తప్పున్న వరుసకు పసుపు రంగు పూస్తాను, అంతే. తప్పేంటో వాళ్లే వెతుక్కోవాలి. ఒక్కోసారి నేను పొరపాటున సరైన వరుసకు రంగు పూస్తే దాన్ని కూడా మార్చేస్తారు. అది వేరే పాఠం.

కృత్రిమ మేధ గురించి చెప్పకపోతే మీరు వదలరు. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. ఆ తర్వాత ఇంటికిచ్చిన వ్యాసాల్లో తప్పులు మాయమైపోయాయి, వాటితోపాటు పిల్లలూ మాయమయ్యారు. అందుకే ఇప్పుడు వ్యాసం నా కళ్ల ముందే రాయిస్తున్నాను, చేతితో. ఇంటికి ఇచ్చేది వేరే పని. "చాట్‌జీపీటీతో ఆటవెలది పద్యం రాయించుకు రండి, గణాలు వేయండి" అంటాను. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. పద్యం చదవడానికి బాగానే ఉంటుంది. గురువులు, లఘువులు వేయగానే రెండో పాదంలోనే బండి దిగబడుతుంది. యతి సంగతి సరే సరి. "ఇది ఆటవెలదేనా?" అని అడిగితే, "అవును, ఇది చక్కని ఆటవెలది" అని జవాబిస్తుంది. ఛందస్సు చెబితే ఎందుకీ పాత గోల అన్న పిల్లలు, అంత ధీమాగా మాట్లాడేదాన్ని తప్పు పట్టడానికి గణాలు నేర్చుకున్నారు. రేపు అది సరైన పద్యం రాయడం నేర్చుకుంటే ఈ పాఠం పోతుంది. అప్పుడు ఇంకేదో చూసుకుంటాను.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. టూల్స్ చచ్చిపోతాయి. ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో చేసిన భాషా ఆటలు వేలల్లో ఉండేవి, 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కి మద్దతు ఆగిపోయింది, ఆటలూ ఆగిపోయాయి. అందరూ కలిసి రాసే గూగుల్ వైట్‌బోర్డు, జామ్‌బోర్డ్, 2024 చివర్లో మూతపడింది. నేను ఒక సైట్‌లో మూడేళ్లపాటు పోగుచేసిన ప్రశ్నలు, పేరు చెప్పను, ఒక రోజు డబ్బు కడితేనే చూపిస్తానంది. అప్పటినుంచి ప్రశ్నలన్నీ ముందు మామూలు స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుంటున్నాను: ప్రశ్న, సరైన జవాబు, పిల్లలు చేసే తప్పులు, ఏ క్లాసులో ఎవరు చేశారు. ఆ మూడో గడే నా ఆస్తి. ఇక పిల్లల పేర్లు, ఫొటోలు, గొంతులు ఎక్కడికి పోతున్నాయో చూసుకోండి. చాలా సైట్లు పదమూడేళ్లు నిండాలంటాయి, ఆ అక్షరాలు చిన్నగా ఉంటాయి. నేను అసలు పేర్లు వాడనివ్వను, తలా ఒక పువ్వు పేరో పిట్ట పేరో.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేడమ్, మా దగ్గర ప్రొజెక్టర్ లేదు, నెట్ సరిగ్గా ఉండదు. నా ఫోన్ ఒక్కటే. వీటిలో ఒక్కటే వాడాలంటే ఏది?

రికార్డర్. ఆలోచించక్కర్లేదు.

ప్రశ్న: కానీ మేడమ్, పిల్లల ఉచ్చారణ సంగతి తర్వాత, మాకే కొన్ని పలకవు కదా.

నిజం చెప్పారు. నాకు 'ఝ' పలకదు. ఆ సంగతి నా గొంతు నేను విన్నాకే తెలిసింది, అప్పటికి పదిహేనేళ్లుగా అందరికీ నేర్పుతున్నాను. మా పిల్లలకు ఆ రికార్డింగ్ వినిపించాను, ఏం తప్పో చెప్పమన్నాను. వాళ్లకు అంతకుముందే తెలుసట. సరే, టైమైపోయిందంటున్నారు. అందరూ ఫోన్లు తీయండి, రికార్డర్ ఎక్కడుందో చూడండి. వెనక వరుసలో సార్, మీరే, "కాళ్లకు బుద్ధి చెప్పాడు" అనండి. ఆగండి, నొక్కనివ్వండి. ఆ, ఇప్పుడనండి.